వరిలో ఊద

— బి.ఎస్సీ. (బి.జెడ్.సి.), తృతీయ సంవత్సరం

సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, వృక్షశాస్త్రం వాణ్ణి గనుక కిరణజన్య సంయోగక్రియ గురించో, సంకర వంగడాల గురించో వ్రాస్తాననుకుని వుంటారు. నేను కలుపు మొక్క గురించి వ్రాస్తానన్నాను. సరే అన్నారు. తీరా కూర్చున్నాక అది కలుపు దగ్గర ఆగలేదు. సంఘాల్లోనూ ఉద్యమాల్లోనూ చొరబడే వేగుల గురించి, కావాలని రెచ్చగొట్టి పక్కకు తప్పుకునే వాళ్ళ గురించి, వాళ్ళను గుర్తుపట్టడం ఎలాగన్న దాని గురించి వ్రాయవలసి వచ్చింది. యీ విషయంలో నాకున్న అర్హత రెండు రకాలు. చదివింది కొంత, చేసిన తప్పు ఒకటి. రెండూ దాచకుండా చెబుతాను.

ముందు కలుపు సంగతి. మాది కాలువ చివరి భూముల ఊరు. నీళ్ళు ఆలస్యంగా వస్తాయి, నాట్లు ఆలస్యంగా పడతాయి, కలుపు మాత్రం వేళకు వస్తుంది. అందులో అన్నిటికంటే మొండిది ఊద. నారుమడిలోనే వరితో పాటు మొలుస్తుంది. అదే ఎత్తు, అదే పచ్చదనం, అదే ఆకు. నారు కట్టలో కలిసి వచ్చి, మన చేతులతోనే మన పొలంలో నాటించుకుంటుంది. వెన్ను తీశాక చిన్నపిల్లవాడు కూడా అదుగో ఊద అని చూపిస్తాడు. కాని అప్పటికే మనం వేసిన ఎరువు తిని, గింజ రాల్చడానికి సిద్ధంగా వుంటుంది. నాకు పదేళ్ళప్పుడు సెలవుల్లో కలుపులోకి దింపారు. గట్టు మీదికి నేను విసిరిన మొదటి గుప్పెడు చూసి నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒరే, సగం వరే పీకావు గదరా! ఆకు చూసి పీకమాకు, ఆకు మొదట్లో చూడు" అంది.

కాలేజీలో చేరాక గాని ఆ మాట శాస్త్రం తెలియలేదు. వరిలో ఆకు, కాండాన్ని చుట్టుకున్న తొడుగు నుంచి విడిపోయే చోట తెల్లని పలుచని పొర ఒకటి నిలబడి వుంటుంది. దాన్ని లిగ్యూల్ అంటారు. దాని పక్కన నూగుతో రెండు బుల్లి చెవులుంటాయి. వాటిని ఆరికిల్స్ అంటారు. ఊదకు పొరా వుండదు, చెవులూ వుండవు. ఆ చోటు నున్నగా వుంటుంది. నాయనమ్మకు లిగ్యూల్ పేరు తెలియదు గాని చూడవలసిన చోటు తెలుసు.

ఇంతకంటే ఆశ్చర్యమైనది ఇంకొకటి వుంది. ఊద అన్ని చోట్లా వరిలా వుండదు. గట్ల మీద, బంజరులో పెరిగే ఊద పిలకలు నేల మీదికి వాలి, మొదలు ఎర్రగా వుండి, దూరం నుంచే తెలిసిపోతుంది. వరి మడిలోది మాత్రం నిలువుగా, పచ్చగా, అచ్చం వరిలా నిలబడుతుంది. కారణం మనమే. వందల ఏళ్ళుగా కూలీలు వరిలా కనబడని మొక్కను పీకేస్తూ వచ్చారు. వరిని పోలినది మిగిలి గింజ వేసింది. దాని పిల్లల్లో ఇంకా పోలినది మిగిలింది. రూపం చూసి ఏరినకొద్దీ ఆ రూపమే దిద్దుకుంటూ వచ్చింది. చైనాలో యాంగ్‌ట్సీ నదీలోయలోని ఊద మొక్కల జన్యువులను పరిశీలించి, యీ వేషం సుమారు 1000 ఏళ్ళ నాడు మొదలైందని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇటువంటి వేషాన్ని వవిలోవ్ అనుకరణ అంటారు. గోధుమలో కలుపుగా వచ్చిన రై మొక్క గోధుమను పోలుతూ పోలుతూ చివరికి తానే పంటగా మారిన వైనాన్ని గమనించిన రష్యన్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వవిలోవ్ పేరు మీద వచ్చిన మాట అది. ఆయన గురించి మళ్ళీ చెబుతాను.

ఇప్పుడు నా తప్పు.

పోయిన సంవత్సరం నేనుండే హాస్టల్లో మెస్ చార్జీల గొడవ జరిగింది. హాస్టలు పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అనవసరం. చార్జీలు పెరిగాయి, కూర నీళ్ళయింది, బియ్యంలో రాళ్ళు సరేసరి. రాత్రి మేడ మీద పదిహేను మందిమి కూర్చుని ఏడు కోర్కెలతో ఒక పత్రం వ్రాసుకున్నాం. సోమవారం నాడు ఇద్దామనుకున్నాం. శనివారం ఉదయమే, పత్రం ఇవ్వకముందే, అధికారి ఒకరు మా కుర్రవాణ్ణి పిలిచి "మీ ఐదో కోర్కె సంగతేమిటోయ్?" అని నవ్వాడు. ఆ రాత్రి మేడ మీద ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. మనలో ఒకడు చేరవేస్తున్నాడు! ఎవడు?

పేరు మొదట చెప్పింది నేనే. నా పక్క గదిలో వుండేవాడు, మా ఊరికి రెండూళ్ళ అవతలివాడు, సెలవులకు ఒకే బస్సులో పోయేవాళ్ళం. నేను చూపిన కారణాలు మూడు. ఎప్పుడూ నోటుపుస్తకంలో ఏదో వ్రాస్తుంటాడు, మనం వస్తే మూసేస్తాడు. గురువారం సాయంత్రం మీటింగుల్లో వుండడు, ఎక్కడికి పోతాడో చెప్పడు. వాళ్ళ మేనమామ కానిస్టేబులు. నా నోటి నుంచి వచ్చింది మూడు వాక్యాలు. తెల్లారేసరికి అవి ముప్పై అయినాయి. ఫలానా రోజున ఫలానా చోట జీపులో కనబడ్డాడని కూడా ఒకడు చెప్పాడు. మూడో రోజున అతని తలుపు మీద సుద్దముక్కతో 'ఏజెంట్' అని వుంది. మెస్సులో అతను కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. వారానికి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలో నేనూ అతని పక్కన కూర్చోలేదు.

ఆ తరువాత ఏం తెలిసిందో చివర చెబుతాను. తెలిసినాక మాత్రం నేను లైబ్రరీలోనూ బయటా యీ విషయం మీద దొరికినవన్నీ చదివాను. అప్పుడు అర్థమయింది, మేం చేసింది కొత్త తప్పు కాదని. దీని మీద పెద్ద ప్రభుత్వాలు పథకాలే వేశాయి.

అమెరికాలో విలియం ఆల్బర్ట్‌సన్ అని ఒకాయన వుండేవాడు. న్యూయార్క్ రాష్ట్ర కమ్యూనిస్టు పార్టీలో ముఖ్యుడు, దశాబ్దాలుగా పార్టీయే లోకంగా బతికినవాడు. 1964లో ఒక పార్టీ మనిషి కారులో ఒక ఉత్తరం దొరికింది. ఎఫ్.బి.ఐ. మనిషికి సమాచారం ఇస్తానంటూ, తన ఖర్చుల డబ్బు పెంచమంటూ వ్రాసినది. దస్తూరి ఆల్బర్ట్‌సన్‌ది. నాది కాదు మొర్రో అని ఆయన ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. పార్టీ వెళ్ళగొట్టింది. ముప్పై ఏళ్ళ స్నేహితులు ముఖం తిప్పుకున్నారు. 1972లో ఆయన చనిపోయాడు, వేగు అనే పేరుతోనే. తరువాత కొన్నేళ్ళకు ప్రభుత్వ కాగితాలు బయటపడితే తేలింది, ఆ ఉత్తరాన్ని ఎఫ్.బి.ఐ. తయారుచేసి అక్కడ పడేయించిందని. పనిచేసే మనిషిని పార్టీ చేతనే తీయించడం వాళ్ళ ఎత్తు. 1989లో ఆయన భార్యకు ప్రభుత్వం 1,70,000 డాలర్లు చెల్లించింది. గమనించండి, అక్కడ పార్టీకి చేతివ్రాత ఆధారమైనా వుంది. మాకు అదీ లేదు.

ఇది ఒకరిద్దరు అధికారుల చిలిపితనం కాదు. 1956 నుంచి 1971 వరకు ఎఫ్.బి.ఐ. నడిపిన కోయింటెల్‌ప్రో అనే రహస్య పథకంలో భాగం. అది బయటపడిన తీరు వింతైనది. 1971 మార్చి 8 రాత్రి మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల కుస్తీ, అదే బాక్సింగు, దేశమంతా రేడియోల ముందు కూర్చున్న వేళ, ఫిలడెల్ఫియా దగ్గర మీడియా అనే చిన్న పట్టణంలో (ఊరి పేరే అది) ఎఫ్.బి.ఐ. ఆఫీసు తాళం తీసి ఎనిమిది మంది లోపలికి వెళ్ళారు. ఫైళ్ళన్నీ పెట్టెల్లో నింపుకుపోయి పత్రికలకు పోస్టు చేశారు. వాళ్ళకు నాయకుడు హేవర్‌ఫర్డ్ కాలేజీ ఫిజిక్సు ప్రొఫెసరు విలియం డేవిడన్. (మన ఫిజిక్సు లెక్చరర్లు యీ భాగం చదివి వేరే అర్థం తీసుకోరాదని మనవి.) ఎవరూ పట్టుబడలేదు. 2014లో వాళ్ళే చెప్పేదాకా ఎవరన్నది లోకానికి తెలియలేదు. ఆ ఫైళ్ళలో ఒక కాగితం వుంది. ప్రభుత్వాన్ని విమర్శించేవాళ్ళను పదే పదే పోయి కలవండి, ప్రతి తపాలా పెట్టె వెనకా మన ఏజెంటు ఒకడున్నాడన్న భయం వాళ్ళలో ముదరాలి అన్నది దాని సారాంశం.

దీన్ని నేను రెండుసార్లు చదివాను. వేగు వుండనక్కరలేదు, వున్నాడన్న అనుమానం చాలు. అనుమానానికి జీతం లేదు, సెలవు లేదు, పెన్షను లేదు. మా హాస్టల్లో ఎవరూ ఏ ఉత్తరమూ పడేయలేదు. ఆ పని మేమే ఉచితంగా చేసుకున్నాం.

అయితే వేగులు నిజంగా వుండరా అంటే వుంటారు. దీనిని కూడా అంతే గట్టిగా చెప్పాలి. షికాగోలో బ్లాక్ పాంథర్ పార్టీ యువనాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున పోలీసులు అతని ఇంట్లో పక్క మీదనే కాల్చి చంపారు. అప్పటికి అతని వయసు 21, నా కంటే ఒక్క ఏడాది పెద్ద. ఆ ఇంట్లో ఏ గది ఎక్కడుందో ప్లాను గీసి ఎఫ్.బి.ఐ.కి ఇచ్చింది విలియం ఓనీల్. కారు దొంగతనంలో దొరికిపోయి, కేసు తప్పుతుందని వేగుగా మారినవాడు. పార్టీలో అతని పదవి ఏమిటో తెలుసా? భద్రతాధికారి. వేగులను పట్టుకునే బాధ్యత వేగు చేతిలోనే వుంది.

రష్యాలో ఇంతకు మించినది జరిగింది. యెవ్నో ఆజెఫ్ అనేవాడు జర్మనీలో ఇంజనీరింగు చదివే రోజుల్లోనే, 1893లో, రష్యన్ పోలీసులకు తానే ఉత్తరం వ్రాసి సమాచారం అమ్మజూపాడు. పదేళ్ళు తిరిగేసరికి సోషలిస్టు రివల్యూషనరీ పార్టీ సాయుధ విభాగానికి అధిపతి అయ్యాడు. ఒక చేత్తో మంత్రుల హత్యలు చేయించాడు, రెండో చేత్తో సహచరులను పట్టించాడు. వ్లదీమిర్ బూర్త్సెవ్ అనే చరిత్ర పరిశోధకుడు ఇతనే వేగు అని చెబితే, పార్టీ పెద్దలు మండిపడి బూర్త్సెవ్‌నే బోనులో నిలబెట్టారు. అంతటి సేవ చేసినవాణ్ణి అనుమానిస్తావా అని! చివరికి పోలీసు శాఖ మాజీ డైరెక్టరు లోపూఖిన్ స్వయంగా అవునని చెప్పాక గాని 1909 జనవరిలో పార్టీ ఒప్పుకోలేదు. ఒకచోట చేయని వాణ్ణి వెళ్ళగొట్టారు, ఇంకొకచోట చేసినవాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. రెండు చోట్లా చూసింది ఆకునే.

మరి ఆకు మొదలు ఏది? ఎక్కడ చూడాలి? నాకు తోచినంతలో, మనిషిని కాదు, అతడు మన చేత చేయించబోతున్న పనిని చూడాలి.

న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా అనే ఊళ్ళో హోబార్ట్ కాలేజీ వుంది. 1970 ప్రాంతంలో ఆ చుట్టుపక్కల కాలేజీలన్నీ తిరుగుతూ ఒకతను విద్యార్థి ఉద్యమకారుడినని చెప్పుకునేవాడు. అసలు పేరు థామస్ టోంగ్యాయ్. పిల్లలు పెట్టిన పేరు టామీ ది ట్రావెలర్. కాగితాలు పంచడం, ఉపన్యాసాలు ఇవ్వడం వల్ల ఏమీ కాదని, మాటలు కట్టిపెట్టి ఏదైనా చేసి చూపమని ఎగదోసేవాడు. పెట్రోలు సీసాలు చేయడం నేర్పాడని విద్యార్థులు తరువాత చెప్పారు. 1970 మేలో మొదటి సంవత్సరం పిల్లలు ఇద్దరు, మన ఎన్.సి.సి. వంటి సైనిక శిక్షణ ఆఫీసు మీద నిప్పు సీసాలు వేసి కేసులో ఇరుక్కున్నారు. జూన్‌లో పోలీసులు కాలేజీ మీదికి సోదాకు వచ్చినప్పుడు వాళ్ళతో పాటు టామీ కూడా వచ్చాడు, పోలీసుగా. అప్పుడు తెలిసింది. అతని మీద మాత్రం గ్రాండ్ జ్యూరీ ఏ నేరమూ మోపలేదు. నిప్పు పెట్టినవాళ్ళు నేరస్తులు, నిప్పు చేతికిచ్చినవాడు ఉద్యోగి.

న్యూజెర్సీలోని కామ్‌డెన్ కథ వేరు. వియత్నాం యుద్ధానికి పంపే యువకుల జాబితాలున్న ఆఫీసులో చొరబడి ఫైళ్ళు నాశనం చేయాలని కొందరు శాంతివాదులు, వాళ్ళలో చర్చి ఫాదర్లు కూడా వున్నారు, 1971లో అనుకున్నారు. కుదరక దాదాపు వదిలేసుకున్నారు. అప్పుడు రాబర్ట్ హార్డీ అనే వాళ్ళ స్నేహితుడు చేరాడు. నిచ్చెనలు, పనిముట్లు, వాకీటాకీలు తెచ్చాడు. అద్దం చప్పుడు లేకుండా కోయడం నేర్పాడు. భోజనం సరుకులు కూడా తెచ్చేవాడట. డబ్బంతా ఎఫ్.బి.ఐ.ది. ఆగస్టు 22న లోపలికి వెళ్ళినవాళ్ళు పట్టుబడ్డారు. హార్డీ చెడ్డవాడేమీ కాదు. స్నేహితులు తప్పు చేయకముందే ఆపుతారనే నమ్మకంతో తనంతట తాను పోయి చెప్పినవాడు. ఆపుతామన్నవాళ్ళు ఆపలేదు. కేసు నడిచే లోపల హార్డీ కొడుకు ప్రమాదంలో చనిపోతే, ముద్దాయిల్లో ఒకరైన ఫాదర్ మైకేల్ డోయల్ ఆ బిడ్డకు అంత్యక్రియల ప్రార్థన జరిపారు. హార్డీ చివరికి ముద్దాయిల పక్షాన సాక్ష్యం చెప్పాడు. నేను లేకపోతే యీ పని జరిగేది కాదని కోర్టులో ఒప్పుకున్నాడు. 1973 మేలో, విచారణకు నిలబడ్డవాళ్ళందరూ నిర్దోషులని జ్యూరీ తీర్పు ఇచ్చింది. యీ కథ చదివినప్పటి నుంచి వేగు అనగానే నాకు మీసాల విలన్ కనబడడం మానేశాడు.

టామీకీ హార్డీకీ మనస్తత్వంలో పోలికే లేదు. కాని చేసిన పని ఒకటే. మన దగ్గర లేని సాధనాన్ని తెచ్చి చేతిలో పెట్టారు. మనం వద్దనుకున్నదాన్ని మళ్ళీ లేపారు. ఇదే నేను చెప్పదలచిన లిగ్యూలు. ఎవరైనా సరే, డబ్బు ఎక్కడిదో చెప్పకుండా సాధనం తెచ్చినప్పుడు, వెనక్కి తీసుకోలేని పనికి తొందరపెట్టినప్పుడు, సభలో చెప్పకుండా ఇద్దరు ముగ్గుర్ని చీకట్లో విడిగా పిలిచినప్పుడు, కాదన్నవాణ్ణి పిరికిపంద అనో ద్రోహి అనో అన్నప్పుడు, ఆ పనికి ఒప్పుకోకూడదు. అతడు వేగా, ఉత్త ఆవేశపరుడా అన్న ప్రశ్న జోలికి పోనక్కరలేదు. ఆవేశపరులు నిజాయితీపరుల్లోనే ఎక్కువ. ఇరవై ఏళ్ళ వయసులో ఆ మాటలు అనని వాడెవడు? ఆ పని వద్దంటే వేగు ఎత్తూ పారదు, ఆవేశపరుడూ జైలుకు పోడు. ఎవరికీ తలుపు మీద సుద్దముక్కతో వ్రాయవలసిన అవసరం రాదు.

నిజంగానే ఒకరి మీద అనుమానం వస్తే? కెమిస్ట్రీ ప్రాక్టికల్సులో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ద్రావణంలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే తెల్లని అవక్షేపం వచ్చింది. అది లెడ్డే అని రికార్డులో వ్రాస్తామా? వెండి కావచ్చు, మెర్క్యురస్ కావచ్చు. వేడినీళ్ళలో కరుగుతుందా చూడాలి, కరిగితే పొటాషియం అయొడైడ్ వేసి పసుపు వస్తుందా చూడాలి. నిర్ధారణ పరీక్ష లేకుండా పేరు వ్రాస్తే డిమాన్‌స్ట్రేటరు సున్నా వేస్తారు. ఒక లోహపు ఉప్పుకు ఇచ్చే మర్యాద పక్క గది స్నేహితుడికి నేను ఇవ్వలేదు. నోటుపుస్తకం, గురువారం, మేనమామ, యీ మూడూ ప్రాథమిక పరీక్షలు కూడా కావు, ఉత్త ఆకులు. ఆరోపణ చేసేవాడు ఆధారంతో ఇద్దరు ముగ్గురు బాధ్యుల ముందు, ఎవరి మీద చెబుతున్నాడో అతణ్ణి కూర్చోబెట్టి చెప్పాలి. అంతవరకు మూడోవాడి చెవిన వేయకూడదు. ఆధారం లేకపోతే అక్కడే వదలాలి. మరీ బెంగగా వుంటే డబ్బు, తాళం అతని చేతికి ఇవ్వకుండా వుంటే సరిపోతుంది.

అన్నిటికంటే ముందు, దాచవలసింది అసలు ఏముందో లెక్క చూసుకోవాలి. మా ఏడు కోర్కెల్లో రహస్యం ఏముంది? సోమవారం ఎలాగూ ఇవ్వబోతున్న కాగితమే కదా! శనివారమే గోడ మీద అంటించి వుంటే చేరవేయడానికి ఏమీ మిగిలేది కాదు. బ్రిటిషువాడి కింద బతికిన గదర్ వీరులకు ఆ వీలు లేదు. 1915 ఫిబ్రవరిలో లాహోరులో తిరుగుబాటుకు 21వ తేదీ పెట్టుకున్నారు. కిర్పాల్ సింగ్ అనేవాడు పోలీసుల తరఫున లోపల చేరాడు. అనుమానం వచ్చి తేదీ 19కి మార్చారు. అదీ అతనికి తెలిసింది, పోలీసులకు చేరింది. కర్తార్ సింగ్ శరాభా, అమెరికాకు చదువుకు పోయి తిరిగివచ్చినవాడు, అదే సంవత్సరం నవంబరు 16న 19 ఏళ్ళకు ఉరికంబం ఎక్కాడు. వాళ్ళకు రహస్యం ప్రాణం. మెస్సులో పప్పు పలుచన గురించి మాట్లాడడానికి మేము మేడెక్కి లైటు ఆర్పుకోవడం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు వేస్తుంది.

వవిలోవ్ గురించి మళ్ళీ చెబుతానన్నాను. ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు పోగుచేసి, ఆకలి లేకుండా చేయాలనుకున్నవాడు. 1940 ఆగస్టులో, విత్తనాల సేకరణలో వుండగానే ఆయనను అరెస్టు చేశారు. నేరాలు ఏమిటంటే, ఇంగ్లండు గూఢచారి, వ్యవసాయంలో విధ్వంసకుడు. మరణశిక్ష వేసి, తరువాత జైలుశిక్షగా మార్చారు. 1943 జనవరి 26న సరాతోవ్ జైల్లో తిండి చాలక నీరసించి చనిపోయాడు. 1955లో నిర్దోషి అని ప్రకటించారు. కలుపు వేషం కనిపెట్టిన వాణ్ణే కలుపు అని పీకేశారు.

ఇక మా హాస్టలు. అతను వెళ్ళిన పది రోజులకు మాకు అసలు సంగతి తెలిసింది. కోర్కెల పత్రం కాపీలు తీయించడానికి పోయినవాడు అసలు కాగితం జిరాక్స్ మిషను అద్దం మీదనే మరిచి వచ్చాడు. ఆ తరువాత అక్కడికి ఆఫీసు కాగితాలు తెచ్చిన అటెండరు దాన్ని తీసుకుపోయి ఇచ్చాడు. అంతే. మరిచి వచ్చినవాణ్ణి నేనే.

ఇంకొకటి కూడా జరిగింది. ఆ గొడవ రోజుల్లో పాత విద్యార్థినంటూ ఒకతను రోజూ వచ్చేవాడు. అందరికీ టీ ఇప్పించేవాడు. "అర్జీలు ఇచ్చే మీరేం మగాళ్ళు రా" అనేవాడు. మేమంతా అతన్ని అన్నా అనే పిలిచేవాళ్ళం. ఒక రాత్రి ఇద్దరు జూనియర్లు ఆఫీసు అద్దాలు పగలగొట్టి సస్పెండయ్యారు. రాళ్ళు ఎవరి సంచిలో వచ్చాయో వాళ్ళు తరువాత చెప్పారు. ఆ మర్నాటి నుంచి అన్న మళ్ళీ కనబడలేదు. అతను ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆధారం లేదు గనుక ఏమీ అనను. ఇప్పుడు అనేది ఒక్కటే, ఆ రోజుల్లో అతన్ని ఎవరమూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గట్టిగా మాట్లాడేవాడు గదా, మనవాడే అనుకున్నాం.

సంక్రాంతి సెలవుల్లో మా నాన్న సైకిలు తీసుకుని అతని ఊరు వెళ్ళాను. దాళ్వా నారుమడిలో వున్నాడు. వాళ్ళమ్మ గుర్తుపట్టి, "హాస్టలు బాబా? రా నాయనా" అని మజ్జిగ ఇచ్చింది. ఆమెకు ఏమీ చెప్పినట్టు లేదు. గట్టు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. కాగితం నేనే మరిచానన్నది కూడా చెప్పాను. అతను నారు కట్ట కడుతూనే విన్నాడు. గురువారం సాయంత్రాలు ఎరువుల కొట్లో లెక్కలు వ్రాయడానికి పోయేవాడట. ఆ డబ్బుతోనే మెస్ బిల్లు కట్టేవాడు. చెప్పుకోవడం చిన్నతనమనిపించి ఎవరికీ చెప్పలేదు. నోటుపుస్తకం లోపలికి తెచ్చి ఇచ్చాడు. నాలుగు నెలలుగా మెస్సుకు ఎన్ని బస్తాల బియ్యం వచ్చింది, ఎంత మంది తిన్నారు, బిల్లులో ఎంత వేశారు, రోజువారీ వ్రాసి పెట్టాడు. "పూర్తయ్యాక మీకు చూపిద్దామనుకున్నా" అన్నాడు. తిరిగి రమ్మంటే నవ్వి వూరుకున్నాడు. పక్క పట్టణంలో వేరే కాలేజీలో చేరాడు.

ఆ పుస్తకం తీసుకుపోయి యీ ఏడాది అధికారుల ముందు పెట్టాం. రాళ్ళతోనూ నినాదాలతోనూ కాని పని ఆ లెక్కలతో అయింది. మెస్ బిల్లు తగ్గింది. ఇప్పుడు కమిటీ జమాఖర్చులు నెలనెలా భోజనశాల గోడ మీద అంటిస్తున్నాం. మీటింగులు మేడ మీద కాదు, భోజనశాలలోనే పెడుతున్నాం. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. తలుపు మీది సుద్ద అక్షరాలు నేను తడిగుడ్డతో తుడిచాను గాని, పాత రంగు మీద ఇంకా లీలగా కనబడతాయి. నోటుపుస్తకం నా పెట్టెలోనే వుంది. వేసవి సెలవుల్లో తీసుకువెళ్ళి అతనికి ఇవ్వాలి.